ఇటలీ రాతి మీద అవ్వ మాట

మా అన్న ఇటలీలో ఉన్నాడని అవ్వ చెప్పేది. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. ఉద్యోగమా అని కొత్తవాళ్లు అడిగితే, "కాదు, మట్టిల" అనేది.

పెద్ద యుద్ధం రోజుల్లో ఒక పొద్దున అవ్వతో కొట్లాడి, కంచం నూకి, పోయి పల్టన్‌లో సిపాయిగా చేరాడు. అటునుంచి అటే. నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా కుదిరాక, సైనికుల సమాధులు చూసే ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. రాతి మీద ఇంటివాళ్ల మాట ఒకటి చెక్కుతాం, ఏ భాషలోనైనా పంపండి అని.

అవ్వ ఎక్కువసేపు ఆలోచించలేదు. "బిడ్డా, తినకుండనే పోతివి. గంతే రాయి."

నాకు తల కొట్టేసినట్టయింది. దొరల దేశంలో, తెల్లరాయి మీద, అన్నం గొడవా? ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. "రాజు కొరకు, కీర్తి కొరకు ప్రాణమిచ్చిన వీరుడు" అని ఇంగ్లీషులో రాసి అవ్వ వేలిముద్ర వేయించాను. నేను చూసిన యుద్ధమల్లా ఫ్యాక్టరీ గేటు ముందు చెరకు బండ్లవాళ్ల కొట్లాటే.

కొన్నాళ్లకు రాతి ఫోటో వచ్చింది. ఈస్టరు ముందు మా క్రైస్తవులంతా తమవాళ్ల సమాధులకు సున్నం వేస్తారు. అవ్వ ఫోటో తుడిచేది. కింది వరుస మీద వేలు జరుపుతూ "బిడ్డా, తినకుండనే పోతివి" అని చదివేది. అక్షరాలు ఎక్కువున్నాయి గనుక చివర్లో కాస్త సాగదీసేది. ఏళ్లతరబడి నేను పక్కన నిలబడి తలూపాను.

కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒకసారి ప్రార్థనకు వచ్చి, ఫోటో చూసి మెచ్చుకుని, అర్థం తెలుగులో చెప్పారు.

"ఏ రాజు?" అంది అవ్వ. "మన నిజామా?"

"ఇంగ్లండు రాజు, అవ్వా."

అవ్వ నా వైపు తిరిగింది. "నేను చెప్పింది ఏడున్నదిరా?"

"తెలుగు చెక్కరనుకున్న, అవ్వా." ఆ అబద్ధం కూడా తడుముకోకుండానే వచ్చింది.

"నేను పోలేనని మాట తోలితే, దాన్ని తొవ్వల్నే ఆపితివా?"

మరునాడే, మాట మార్చమని ఉత్తరం రాశాను. మొదటి మాట ఎవరిచ్చారో, ఎందుకు తప్పో రాసి సంతకం చేయమని జవాబు వచ్చింది. అంత ఇంగ్లీషు వచ్చిన నాకు, తప్పు నాదేనన్న ఒక్క వాక్యం రాయడానికి రెండు నెలలు పట్టింది. రాసి పోస్టు చేసేనాటికి అవ్వ లేదు.