ఒకే గదిలో ఇద్దరు కుర్రాళ్లు: నరసరావుపేట నుంచి గురజాల దాకా

వసుంధర, నేను గుంటూరులో కలిసి చదువుకున్నాం. ఇప్పుడు నేను ఒక కాలేజీలో కౌన్సెలర్‌ని. తను పల్నాడులో ఒక ప్రభుత్వ శిక్షణ పథకం చూస్తుంది. ఊళ్లలో పార్టీ గొడవల వెంట తిరిగే కుర్రాళ్లను తీసుకొచ్చి, హాస్టల్లో ఉంచి, కరెంటు పని నేర్పించడం ఆ పథకం ఉద్దేశం. పోయిన నెల ఆ హాస్టల్లోనే గోపి అనే కుర్రాడు నరేష్ అనే కుర్రాడి చెయ్యి కోశాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, చెరో బజారు, చెరో పార్టీ. ఆ తర్వాత పోలీసులు, రెవెన్యూ వాళ్లు, శిక్షణ వాళ్లు కలిసి మాట్లాడుకోవడానికి గురజాలలో సమావేశం పెట్టారు. "నువ్వూ రావే. బయటి మనిషి ఒకరుంటే కాస్త మెత్తగా మాట్లాడతారు" అని వసుంధర ఫోన్ చేసింది. ఇలాంటి పనుల మీద అటు వెళ్లే టీచర్లకూ వాలంటీర్లకూ ఉపయోగపడుతుందని ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను.

గుంటూరు బస్టాండులో పొద్దున్నే నరసరావుపేట బస్సెక్కాను. గంటన్నర లోపే దించాడు, టికెట్టు వందలోపే. వసుంధర బస్టాండుకు వచ్చి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లింది. నరేష్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. పక్కన వాళ్లమ్మ కోటేశ్వరమ్మ ఇడ్లీ తుంచి నోట్లో పెడుతోంది. ఆ వయసులో అమ్మ చేత తినాల్సి రావడం అతనికి సిగ్గుగా ఉంది. మమ్మల్ని చూడగానే చాలన్నట్టు తల తిప్పుకున్నాడు.

"గోపీతో మొదట్నుంచీ పడేది కాదా?" అని అడిగాను.

"పడేది మేడం. బోర్డు వైరింగు నాకు వాడే నేర్పాడు. ఆ రోజు ఊళ్లో ఫ్లెక్సీ చించారని తలలు పగలగొట్టుకున్నారంట. ఇద్దరికీ ఫోన్లే ఫోన్లు. 'వాడి పక్కన పడుకుంటన్నావంట, సిగ్గులేదంట్రా' అని వాళ్ల బాబాయి వాడిని తిట్టాడు. మా వోళ్లు నన్నూ అట్టనే తిట్టారు. ముందు కాలర్ పట్టుకుంది నేనే." కట్టు వైపు చూసుకుని, "వాడి చేతిలో వైర్లు కోసే కత్తుంది" అన్నాడు.

రెండు వేళ్లు ఇక వంగవని డాక్టర్లు చెప్పేశారు. మేం లేస్తుంటే కోటేశ్వరమ్మ వసుంధర వెనకాలే గుమ్మం దాకా వచ్చింది. "ఎడం చేత్తో ఆ పని చెయ్యొచ్చా అమ్మా?" అని అడిగింది.

అక్కణ్ణుంచి పిడుగురాళ్ల మీదుగా గురజాలకు కారులో వెళ్లాం. బస్సులు తరచుగానే ఉన్నా, సమావేశం తర్వాత ఆ కుర్రాళ్ల ఊరికి కూడా పోవాలని రోజుకు కారు మాట్లాడుకున్నాం. పిడుగురాళ్ల దాటేదాకా సున్నపు బట్టీల దుమ్ముకు అద్దాలు దించలేకపోయాం. ఊరిపేరు వినగానే డ్రైవర్ మస్తాన్ బండి నెమ్మది చేశాడు. "ఊరి బయటే ఆపుతా అమ్మా, ఏమనుకోబాకండి. ఒక బజార్లో ఆపితే రెండో బజారోళ్లు బండి గుర్తుపెట్టుకుంటారు. రేపు నేను మళ్లా ఇటు కిరాయికి రావాల."

సమావేశంలో మొదటి అరగంటా ఎవరి లెక్క వాళ్లు చదివారు. తర్వాత ఎస్సై అన్నాడు, "ఫ్లెక్సీ గొడవ మధ్యాహ్నమే జరిగింది. వెంటనే ఊళ్లో పికెట్ పెట్టాం. ఊళ్లో మళ్లీ ఒక్క దెబ్బ పడలేదు."

హాస్టల్ వార్డెన్ లేచి నిలబడ్డాడు. "ఆ కబురు నాకెవరన్నా చెప్పారా సార్? ఇద్దర్నీ చెరో గదిలో పెట్టి, ఫోన్లు తీసుకునేవాణ్ణి."

"ఆ ఊరి పిల్లలు మీ దగ్గరున్నారని మాకెవరన్నా చెప్పారా?"

గొడవ సంగతి స్టేషన్‌కు తెలుసు, పిల్లల సంగతి హాస్టల్‌కు తెలుసు. మధ్యలో ఒక్క ఫోన్ కాల్ లేదు. ఇకమీదట ఏ ఊళ్లో గొడవైనా స్టేషన్ నుంచి హాస్టల్‌కు కబురు వెళ్లాలని, శిక్షణలో ఎవరు చేరినా స్టేషన్‌కు ముందే చెప్పాలని నిర్ణయించారు. మంచి నిర్ణయమే. వరండాలోకి వచ్చాక వసుంధర గోడకానుకుని, "ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టమన్నది నేనే. కలిసుంటే మారతారనుకున్నా" అంది.

"మారారు కదే, నరేష్‌కు వైరింగు నేర్పింది గోపీయేనట" అన్నాను. ఆ మాట తనని ఇంకా బాధపెట్టింది.

సాయంత్రం ఊరి బయట కారాపి, గోపీ వాళ్లింటికి నడిచి వెళ్లాం. గోపి జైల్లో ఉన్నాడు. అరుగు మీద నలుగురు మగవాళ్లు కూర్చుని, బెయిలు గురించి, లాయరు గురించి, తమ పార్టీ వాళ్లను కేసులో ఎలా ఇరికించారో దాని గురించి గట్టిగట్టిగా చెప్పారు. నరేష్ మాట ఎవరూ ఎత్తలేదు. గోపి తల్లి మంచినీళ్లిచ్చి లోపలికెళ్లిపోయింది. మేం బయల్దేరాక పెరటి వైపు నుంచి సందులోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పిలగాడి చెయ్యి ఆడతందా అమ్మా?"

ఉన్నమాట చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనడిగానని వాళ్లమ్మకి చెప్పమాకండి. మా వోళ్లకి తెలిస్తే ఊరుకోరు" అని, అటూ ఇటూ చూసుకుని వెళ్లిపోయింది.

నరసరావుపేట చేరేసరికి దీపాలు పెట్టారు. గుంటూరు బస్సుకు ఇంకా టైముంది, ఆస్పత్రికి వెళ్లి రావచ్చు. కోటేశ్వరమ్మ ముఖం చూస్తే గోపి తల్లి అడిగిన మాట నాలో దాగదని బస్టాండులోనే కూర్చున్నాను. ఆఫీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక కుర్రాడి చెయ్యి పోవాల్సి వచ్చింది. ఇకనైనా మాట్లాడుకుంటాయనే అనుకుంటున్నాను. ఆ ఇద్దరు తల్లులు మాట్లాడుకునే రోజు మాత్రం ఏ సమావేశంలోనూ ఖాయం కాలేదు.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఊళ్లో ఒక బజార్లో మంచినీళ్లు తాగితే, దాహం లేకపోయినా రెండో బజార్లో కూడా అడిగి తాగండి. నేను తాగకుండా వచ్చేశాను. బయటి మనిషి కూడా ఒక పార్టీయేనని నరేష్ వాళ్ల బజారు ఈపాటికి తేల్చేసుకుని ఉంటుంది.