అవ్వ మమ్మల్ని ప్రమాణానికి తీసుకెళ్ళిన రోజు

ఆ రోజుల్లో మా చిత్తూరు వైపు ఇంటి తగాదాలు పోలీసుల దాకా వెళ్ళేవి కావు. పోలీసులంటే గౌరవం లేక కాదు, వాళ్ళకంటే కాణిపాకం వినాయకుడు మాకు దగ్గర. తడిబట్టలతో ఆయన ఎదుట నిలబడి అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంటి పాలనకు వాడుకోవడంలో మా అవ్వను మించినవాళ్ళు లేరు. పాలగిన్నె మీద మూత కదిలినా “పా కాణిపాకం” అనేది. ఆ మాటకే నిజం బయటికి వచ్చేది కాబట్టి బస్సెక్కే అవసరం ఎప్పుడూ రాలేదు, నేను తిరుపతిలో డిగ్రీ ముగించి అవ్వాతాతల ఇంటికి చేరేదాకా. (ఉద్యోగం వచ్చేదాకా వాళ్ళకు తోడుగా ఉంటానని చెప్పుకున్నాం. ఎవరికి ఎవరు తోడో ఎవరూ లోతుగా ఆలోచించలేదు.)

తాతకు చక్కెర జబ్బని అప్పుడే తేలింది. కాలి మీద పుండు మానడం లేదు. తీపి ముట్టుకుంటే కాలికే మోసమని డాక్టరు భయపెట్టాడు. అవ్వ ఆయన కాఫీలో చక్కెర ఆపేసింది. సరిగ్గా అప్పుడే పాకాలలో ఉండే మా అత్త, నెల తప్పిన మనిషి, చెనిక్కాయల ఉండలు, అదే వేరుశెనగ ఉండలు, కావాలని కబురు పెట్టింది. అవ్వ చెనిక్కాయలు వేయించి, బెల్లం పాకం పట్టి, ఉండలు చుట్టి, రేకుడబ్బాలో పెట్టి అటకెక్కించింది. పాకాలకు బయలుదేరే ముందు దించి చూస్తే డబ్బా అనుమానాస్పదంగా తేలిగ్గా ఉంది.

ఇంట్లో ఉండేది ముగ్గురం. అవ్వకు ఆ ఉండలంటే ప్రాణమే గానీ కూతురికని చేసినవి నోట్లో వేసుకునే మనిషి కాదు. నేను అటక దాకా శ్రమపడే మనిషిని కాదని ఊరికంతా తెలుసు. దొంగను పట్టడానికి డిగ్రీ అక్కరలేదు. అయినా అవ్వ నన్నే నిలదీసింది. మొగుణ్ణి దొంగ అనడం ఆమె పద్ధతిలో లేదు.

“ఏమిరా, బిడ్డకని చేసినవి తింటివా?”

“నేను తినలేదవ్వా.”

“అయితే ఎలకలే మూత తీసి, తిని, మళ్ళా బిగించి పోయినాయా?”

తాత పేపరు చాటునుంచి, “ఇప్పటి ఎలకలకు తెలివి జాస్తిగా ఉండాది” అన్నాడు.

“అట్లయితే పాండి కాణిపాకం. ముగ్గురమూ ప్రమాణం చేస్తాం.”

పేపరు కిందికి దిగింది. “కాలు నొప్పిగా ఉండాదే...”

“సామి కాడికి పోతే తగ్గతాదిలే.”

బస్సులో అవ్వ ముందు సీట్లో కూర్చుంది. తాత వెనక నా పక్కన చేరి చెవిలో అన్నాడు: “రే, నువ్వు తిన్నానని ఒప్పుకోరా. సిన్నోడివి, దేవుడు ఏమీ అనుకోడు.”

“అదీ అబద్ధమే కదా తాతా.”

“నిన్ను సదివించినందుకు నాకు బాగానే బుద్ధి చెప్తాండావు” అని తలగుడ్డ సర్దుకున్నాడు.

గుళ్ళో తడిబట్టలతో ముందు నేను నిలబడి, తినలేదని చెప్పేశాను. తర్వాత తాత వంతు. ఆయన వణుకుతున్నాడు (చలికే అని తర్వాత చాలాకాలం వాదించాడు). చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, “సామీ, నేను...” అన్నాడో లేదో, అవ్వ అరచెయ్యి వచ్చి ఆయన నోరు మూసింది.

“చాలు. అనొద్దు.”

“ఏమే, సగంలో...”

“పుండే ఇంకా మానలే. దాని మీద ఇదొకటా?” అని వినాయకుడి వైపు తిరిగింది. “సామీ, ఈ పొద్దు మొదలుకొని నేను తీపి ముట్టను. ఈయప్ప జోలికి మాత్రం రావద్దు.”

తాత మొహం చూడాలి. “నిన్నెవరే మానమన్నింది?”

“నీకు పెట్టకుండా నేనెట్ల తినేది?”

ఆ తర్వాత మా ఇంటి డబ్బాలకు మూతలు బిగించే పని లేకపోయింది. పెళ్ళిళ్ళలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. వాళ్ళ ఓళిగలు (మా వైపు బొబ్బట్లు) రెండూ నా ఆకులోకి వచ్చేవి. పెద్దల మాట కాదనడం నాకు అలవాటు లేదు. పుండు మానింది. తాత చాలా ఏళ్ళు బతికి, చివరికి చక్కెరతో సంబంధం లేని జ్వరంతో పోయాడు. కొన్నాళ్ళకు నేను ఒక చెనిక్కాయల ఉండ తెచ్చి, “మొక్కింది తాత కోసమే కదవ్వా, ఇంక తిను” అన్నాను. వాసన చూసి, తిరిగి నా చేతిలోనే పెట్టింది. “బాగుండాదిరా. ఇప్పుడు తింటే ఆయనకు తెలీకుండా తిన్నట్టుంటాది.”

ఇప్పుడు అవ్వా లేదు. కాణిపాకం పేరు విన్నప్పుడల్లా నాకు ఆ రోజు తిరుగు ప్రయాణమే గుర్తొస్తుంది. నిర్దోషినని తేలినా అవ్వ నాతో ఒక్క మంచిమాట అనలేదని అలిగి, పట్టభద్రుడికి తగిన గాంభీర్యంతో కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను. ముందు వైపు ఏదో గొడవ. తాత ఆడవాళ్ళ సీట్లో అవ్వ పక్కన కూర్చున్నాడు, కండక్టరు ఎంత చెప్పినా లేవడం లేదు. ఈ ముసలాయన పరువు తీస్తున్నాడే అని నేను సిగ్గుతో తల దించుకున్నాను. అంత చదువూ చదివి, ఆ బస్సులో చూడదగిన దాన్ని మాత్రం చూడకుండా ఇల్లు చేరాను.