మావగారికి గాల్లో ఇవ్వాల్సిన మర్యాద

ఆన్‌లైన్‌లో యుద్ధవిమానాలు నడిపే ఆట మొదలెట్టి వారమైంది. నాకు జోడీ మా మావగారు, ముక్తేశ్వరంలో రిటైరైన హెడ్మాస్టరు. ఆయన అక్కడ, నేను అమలాపురంలో, ఇద్దరి చెవులకీ హెడ్‌సెట్లు. ఒకరి వెనక ఒకరు కాపలా కాయాలి. నాలుగుసార్లు ఎగిరేం, నాలుగుసార్లూ కూలిపోయేం. కారణం నేనే. "మావయ్యగారండీ, మీ వెనకాల ఎవరో వస్తున్నట్టున్నారండీ, కాస్త ఎడమకి తిరుగుతారా అండీ" అని పూర్తిచేసేలోపే ఆయన రెక్క ఊడిపోయేది.

ఈ రోజు చర్చి నుంచి రాగానే ఐదోసారి ఎగిరేం. మొదటిసారిగా ఇద్దరం ప్రాణాలతో వెనక్కొచ్చేం. రన్‌వే కనబడింది. ఆయన చక్రాలు దించేరు, నేను పైన కాపలా తిరుగుతున్నాను. ఇంతలో సూర్యుడి వైపు నుంచి శత్రువొకడు ఆయన వెనక్కి దూకేడు. ఆయన ఇంజిన్లోంచి పొగ మొదలైంది.

"ఒరేయ్, ఎడమకి తిప్పరా!" అని అరిచేశాను.

విమానం ఠక్కున ఎడమకి తిరిగింది. తూటాలు పక్క నుంచి పోయేయి. ఆయన ఎలాగో కుదుపుతో దిగి, రన్‌వే చివర ఆగేరు. నేనేమని అరిచేనో అప్పుడు గుర్తొచ్చింది. నాకు అసలు భయం పట్టుకుంది. నా అరుపు విని వంటింట్లోంచి మా ఆవిడ గరిటె పైకెత్తి వచ్చి నిలబడింది.

హెడ్‌సెట్లో మావగారి గొంతు వినబడింది.

"ఆయ్, తిప్పేనండీ."

ఆయన క్షమించేసినట్టే. గరిటె మాత్రం ఇంకా దిగలేదు. మావగారిని ఒరేయ్ అని కూడా ఆయన కూతురి చేతి అన్నం తిన్న అల్లుళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఎన్నాళ్లకి పెట్టిందో కాస్త చెప్పండి.