మీడియం కొలత

పోస్టులో బట్టలు అమ్మే ఆ కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కుట్టుపని అమ్మాయిలకు ఆమె మీడియం పిన్ని, ఆఫీసువాళ్ళకు ఉత్త మీడియం. ఇరవై నాలుగో ఏట చేరింది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని ఒక్కటే, కటింగు గదిలో చెక్కపీట మీద నిలబడడం. కేటలాగులో వేయబోయే ప్రతి గౌనూ, ప్రతి స్కర్టూ ముందు ఆమె ఒంటి మీద గుండుసూదులతో అమరాలి. ఆ తర్వాతే గుడ్డ వేల సంఖ్యలో తెగుతుంది.

ఊరికే నిలబడితే చాలదు, చెప్పాలి. "చంక కింద పట్టేస్తోంది." "కూర్చుంటే వెనక పైకి లేస్తోంది." మాస్టరు పెదాల మధ్య నాలుగు సూదులు పెట్టుకుని, ఆమె చెప్పిన చోటల్లా విప్పి మళ్ళీ గుచ్చేవాడు. ఆమె కంటే పదేళ్ళు పెద్ద. చెల్లెమ్మా అని పిలిచేవాడు.

ఫోటోలకు మాత్రం ఆమె పనికిరాదు. వాటికి వేరే అమ్మాయి వచ్చేది. ఆ పిల్ల ఒంటి మీద మీడియం గౌను గోనెసంచిలా వేలాడేది. మిగిలిన గుడ్డంతా వీపు వెనక పోగుచేసి క్లిప్పులు పెట్టేవాళ్ళు. ముందు నుంచి చూస్తే పోతపోసినట్టు ఉండేది. ఆ బొమ్మ చూసి ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఫారాలు నింపి పంపేవారు. గౌను వచ్చాక అద్దం ముందు నిలబడి, తప్పు తమ నడుముదే అనుకునేవారు. తిప్పి పంపిన పెట్టెల్లో చీటీలు ఉండేవి. గౌను బాగుంది, నేనే లావయ్యాను, తగ్గాక మళ్ళీ తెప్పించుకుంటాను. ఒకావిడ అదే గౌనును మూడేళ్ళలో మూడుసార్లు తెప్పించి, మూడుసార్లూ తిప్పి పంపింది.

ప్రతి సోమవారం పొద్దున మాస్టరు ఆమెకు పదకొండు కొలతలు తీసి గోడ మీది కార్డులో రాసేవాడు. నడుము ఇరవై ఎనిమిది అంగుళాలు. వరసగా మూడు వారాలు అరంగుళం తేడా వస్తే పీట మీదికి ఇంకో మనిషి ఎక్కుతుంది. ఆమె అలా ఎక్కిందే. అంతకు ముందున్న మీడియం రెండో కాన్పుకు వెళ్ళి, మళ్ళీ కటింగు గది గడప తొక్కలేదు.

ఆ ఏడు వానాకాలంలో ఆమె నడుము పెరగడం మొదలైంది. సాయంత్రం తిండి మానేసింది. ముఖం పీక్కుపోయింది, చేతులు పుల్లలయ్యాయి. నడుము తగ్గలేదు. మాస్టరు టేపు చూశాడు, ఆమె ముఖం చూశాడు, కార్డులో ఇరవై ఎనిమిదే రాశాడు. గుడ్డను మాత్రం ఒంటికి తగ్గట్టే గుచ్చాడు. చలికాలం గౌన్లన్నీ అలా ఒకటిన్నర అంగుళాల వదులుతో తెగాయి. ఫోటో అమ్మాయి వీపుకు రెండు క్లిప్పులు ఎక్కువ పట్టాయి, అంతే.

ఆ గౌన్లు వెళ్ళాక తిరిగొచ్చే పెట్టెలు సగానికి సగం తగ్గాయి. మేనేజరు ఒక ఉత్తరం పట్టుకుని కటింగు గదికి స్వయంగా వచ్చాడు. "మీ గౌను తొడుక్కుని మొదటిసారి అన్నం తినగలిగాను, అని రాసిందయ్యా ఒకావిడ. ఏం మంత్రం వేశారో నాకు తెలీదు. వేసవి కేటలాగు పుస్తకం అయ్యేదాకా ఇక్కడ ఏదీ మారకూడదు. ఇదే మాస్టరు, ఇదే మీడియం." పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆమె వైపు తిరిగి మాట్లాడింది అదే మొదలు.

ఇంట్లో ఉండేది ఆమే, అక్కే. అక్క లాండ్రీలో ఇస్త్రీ చేసేది. దేన్నీ కడుపులో దాచుకునే మనిషి కాదు.

"తిండి మానేశావు, పొట్ట మాత్రం వస్తోంది. గాలి భోంచేస్తున్నావా?"

"వయసొస్తోంది కదక్కా."

"నీకంటే ఆరేళ్ళు ముందు పుట్టాను. నాకు రాని వయసు నీకెలా వచ్చిందే?"

మర్నాడు అక్కే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. అండాశయంలో గడ్డ ఉందని తేలింది. రెండు వారాల్లో తీసేయాలంది డాక్టరమ్మ. తీశాక రెండు నెలలు ఎక్కువసేపు నిలబడకూడదు.

"వేసవి పుస్తకం పని అయ్యాక చేయించుకుంటానండి. తొమ్మిది వారాలే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "గడ్డకు మీ పుస్తకం సంగతి తెలీదమ్మా."

అక్క దారంతా తిట్టింది. మాస్టరు తిట్టలేదు. సోమవారం టేపు చుట్టి, ముప్పై దాటిన అంకె చూసి, "వెళ్ళు చెల్లెమ్మా. పుస్తకాలు ఏడాదికి రెండొస్తాయి," అన్నాడు.

"మనుషులూ వస్తారు అన్నయ్యా, ఈ పీట మీదికి. ఎక్కినామె మళ్ళీ నాకోసం దిగుతుందా?"

ఆయన టేపు మెడలో వేసుకున్నాడు. కార్డులో ఇరవై ఎనిమిది రాశాడు.

ఎనిమిదో వారంలో ఇద్దరు పనివాళ్ళు వచ్చి, తడిపిన ప్లాస్టరు పట్టీలు ఆమెకు మెడ నుంచి తొడల దాకా చుట్టారు. ఆరేదాకా గంటసేపు కదలకుండా నిలబడింది. తను లేని రెండు నెలలూ పని ఆగకుండా బొమ్మ చేయిస్తున్నారనుకుంది. తన ఆపరేషన్ సంగతి మేనేజరుకు ఎవరు చెప్పారో గానీ, మంచి ఆలోచనే అనుకుంది. ఆ రోజు ఇంటికెళ్ళి అక్క వడ్డించినదంతా తినేసింది.

వారం తర్వాత బొమ్మ వచ్చింది. గోధుమరంగు గుడ్డ కప్పి, ఇనుప కాలు మీద నిలబెట్టారు. పొట్ట కింది భాగం కుడివైపుకు కాస్త ఉబ్బి ఉంది. మేనేజరు చుట్టూ తిరిగి చూశాడు. "ఇక సోమవారాల గొడవ లేదు. ఇది తినదు, లావెక్కదు. నువ్వు ఈ నెలాఖరు దాకా రా, చాలు."

"ఆ తర్వాత సార్?"

"ఆ తర్వాత పనేముంది? నీకూ శ్రమ తప్పింది కదా."

ఆమె పీట దిగింది. "నాకు కడుపులో గడ్డ ఉంది సార్. ఆపరేషన్ చెయ్యాలన్నారు. మీరు పోత పోయించింది దాంతో సహా."

మేనేజరు మాస్టరు వైపు చూశాడు. మాస్టరు సూదులపెట్టె వైపు చూస్తున్నాడు.

"ఏదైతేనేం," అన్నాడు మేనేజరు చివరికి, "జనానికి నప్పింది. నువ్వు వెంటనే వెళ్ళి చూపించుకోమ్మా. ఇక్కడి గురించి బెంగపడకు."

డాక్టరమ్మ పొట్ట కోసి చూసి, ముట్టుకోకుండా కుట్టేసింది. గడ్డ పేగులకూ కాలేయానికీ పాకింది. "అప్పుడే వచ్చుంటే" అని మొదలుపెట్టి, అక్క ముఖం చూసి ఆపేసింది. అక్క ఇస్త్రీ పనికి సెలవు పెట్టి మంచం పక్కన స్టూలు వేసుకుంది. ఆ తర్వాత చెల్లెల్ని ఒక్క మాట అనలేదు.

పక్క మంచం మీద పిత్తాశయంలో రాళ్ళు తీయించుకున్నావిడ ఉండేది. ఆవిడ కోడలు వేసవి కేటలాగు తెచ్చిచ్చింది. ఆవిడ నీలం గౌను దగ్గర ఆగి, పుస్తకం ఇటు తిప్పింది.

"ఎంత బాగుందో చూడండి. మనకెక్కడ పడుతుంది లెండి, ఆ నడుముకి."

"పడుతుంది. మీడియం రాయండి," అంది ఆమె. లేవలేక, తల మాత్రం తిప్పింది.

"నా నడుము చూసే అంటున్నారా?"

"చూసే అంటున్నాను. కూర్చున్నా పట్టదు, వంగినా పట్టదు."

ఆవిడ నమ్మకం చాలక అక్క వైపు చూసింది. "రాయండమ్మా," అంది అక్క, "దాని మాట ఖాయం."

ఆవిడ దిండు కింద పెన్ను వెతికి తీసింది. బొమ్మలోని అమ్మాయిని మరోసారి చూసుకుంది. ఫారం మీద స్మాల్ అని రాసింది.

"ఈ ఆసుపత్రి గంజితో ఎలాగూ తగ్గుతాను కదా," అంది.