పనికి కాకుండా పోయిన ఊరు

విశ్వాసమ్మకు ఊళ్లు చాలా తెలుసు. పత్తికొండ దగ్గరి తన పల్లె నుంచి గుంటూరు దాకా ఏ ఊళ్లో చేలు ఎట్లా ఉంటాయో, ఏ ఊళ్లో తాగేనీళ్లు ఉప్పగా ఉంటాయో అడిగితే టకటకా చెప్పేస్తుంది. ఏడేళ్ల వయసులో తల్లి వెంట మొదటిసారి సుగ్గికి పోయింది. సుగ్గి అంటే ఆ పక్క జనానికి వలస. ఇక్కడి చేలు ఎండిపోయాక బియ్యం మూటలూ గిన్నెలూ లారీకెత్తుకుని మిరపకోతకు కోస్తా వైపు పోవడం. పెళ్లయ్యాక భర్త ఏసేపుతో పోయింది. బిడ్డలు పుట్టాక వాళ్లను చంకన వేసుకుని పోయింది. ముప్పై ఏళ్లు దాటేసరికి ఆమె చూసిన ఊళ్లన్నీ ఒక్కలాగే కనిపించేవి. చేను గట్టు, పట్టా గుడారం, మూడు రాళ్ల పొయ్యి.

తొమ్మిదేళ్ల కిందటి మాట. కూతురు ఆరాధన అప్పుడు మూడో తరగతి. బడిలో టీచరమ్మ ఒకరోజు పిల్లలందరినీ, మీరు చూసిన ఊరి గురించి చెప్పమంది. ఒకడు తిరుపతి అన్నాడు, ఇంకో పిల్ల మంత్రాలయం అంది. ఆరాధన లేచి, "గుంటూరు పోయినా టీచర్. ఆడ కండ్లు మండుతాయి" అని కూర్చుంది. ఇంకేమీ చెప్పడానికి తోచలేదు దానికి. తరగతంతా నవ్వింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ పిల్లే ఈ సంగతి చెప్పింది, తనూ నవ్వుతూనే. సంగటి కెలుకుతున్న విశ్వాసమ్మ మాత్రం నవ్వలేదు.

ఏసేపు టమోటా మార్కెట్లో హమాలీ. అన్నం తింటున్నప్పుడు అతనితో అంది.

"మామా, దసరా సెలవులకు బిడ్డల్ని పిల్చుకొని యాడికన్నా పోదాం."

"యాడికి? ఏం పని ఉండాది?"

"పనేం లేదు. పని లేని ఊరికే పోదాం."

"సరే" అన్నాడు ఏసేపు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. భార్య గొంతులో ఏదో కొత్తగా వినిపిస్తే ఎదురు చెప్పడు.

ఒప్పుకోనిది కూలీలను కూడగట్టే మేస్త్రీ గోపన్న. దసరా అంటే పత్తితీత మొదలయ్యే కాలం.

"యాడికమ్మా పోయేది? చుట్టాలుండారా ఆడ?"

"లేరన్నా."

"మొక్కుబడి ఏమన్నానా?"

"మేము చర్చికి పోయేటోళ్లం, మాకు మొక్కుబడులేందన్నా."

"మరెందుకు?"

"ఊరికే."

ఆ జవాబు గోపన్నకు ఎంతకీ మింగుడు పడలేదు. పెండ్లికో చావుకో పోతున్నామని చెప్పి ఉంటే ఊరుకునేవాడు. అబద్ధం ఆడటం విశ్వాసమ్మకు ఇష్టం లేదు. నాలుగు రోజులు పోయి వస్తాననీ, వచ్చాక అందరికన్నా ముందు చేన్లో ఉంటాననీ చెప్పి వచ్చేసింది.

జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టుకుని నలుగురూ బస్సెక్కారు. గుత్తిలో దిగి ఒక బస్సు, తాడిపత్రిలో దిగి ఇంకో బస్సు. మధ్యాహ్నానికి బెలుం గుహల దగ్గరికి చేరారు. నేల లోపలికి దిగే మెట్ల దగ్గర నాలుగేళ్ల యేసుప్రసాద్ ఆగిపోయి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"మా, ఈడ ఏం కోయాల?"

పక్కన ఉన్న యాత్రికులు పకపకా నవ్వారు. విశ్వాసమ్మ కిందికి వంగి, వాడి చొక్కా చేతులు మళ్లీ కిందికి దించింది. "ఈడ ఏం కోసేది లేదు నాయనా. సూసేదే" అంది.

లోపల ఉక్క. పోనుపోను దారి ఇరుకైంది, పైకప్పు తల మీదికి దిగింది. టమోటా బాక్సులు రెండేసి ఒకేసారి ఎత్తే ఏసేపు, ఒక మలుపు దగ్గర గోడకు వీపు ఆనించి నిలబడిపోయాడు. ఒళ్లంతా చెమట. ఊపిరి ఆడటం లేదు.

"నా వల్ల కాదు. మీరు పోండి" అన్నాడు.

తండ్రి ఏదైనా తన వల్ల కాదనడం ఆరాధన ఎప్పుడూ వినలేదు. ఆ పిల్ల నాలుగడుగులు వెనక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"పైకి సూడాకు నాయనా. నా జడ సూస్తా రా."

ఆయన నడుము సగానికి వంచి, కూతురి జడ మీదే చూపు నిలిపి నడిచాడు. లోలోపల పాతాళగంగ అనే నీటిపాయ దగ్గర చప్పుడు వినిపించాక వంచిన నడుము ఎత్తి, గుహంతా మోగేట్టు నవ్వాడు. బయటికి వచ్చాక టీ కొట్టులో ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా చెప్పాడు, "నా బిడ్డ లేకుంటే నేను ఆడనే కుచ్చొని ఉందును" అని. అతనికి అన్ని మాటలు వచ్చునని విశ్వాసమ్మకు ఆ రోజే తెలిసింది.

రాత్రికి జమ్మలమడుగులో, తమ పాస్టరు గారికి తెలిసిన సంఘంవాళ్ల హాల్లో పడుకున్నారు. పొద్దున్నే గండికోట. కోట దాటి పోతే ఎర్రబండలు, వాటి అంచున లోయ, ఎక్కడో అడుగున పెన్న. ఏసేపు కొడుకు నడుముకు తన తువ్వాలు కట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని వాణ్ణి బండల మీద తిప్పాడు. తల్లీకూతుళ్లు అంచుకు దూరంగా నీడలో కూర్చున్నారు. చేసే పని లేదు, పిలిచే మనిషి లేడు. చాలాసేపటికి ఆరాధన అంది.

"మా, ఒగటి చెప్పనా? తిట్టాకు."

"చెప్పు."

"నేను ఈ తూరి సుగ్గికి రాను. మనం తిరిగొచ్చేసరికి బడిలో శానా పాఠాలు అయిపోయుంటాయి. టీచర్ చదవమంటే నేను అందరితో పాటు పెదాలు ఆడిస్తా. అంతే. నాకు చదవను రాదు."

విశ్వాసమ్మ బిత్తరపోయింది. మూడేళ్లుగా కూతురు పుస్తకం పట్టుకుని కూర్చుంటే చదువుతోందనే అనుకుంది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"నువ్వు మిరపసాల్లో ముందర పోతాంటావు. నేను యెనకాల ఉంటా. అరిస్తే గదా నీకు ఇనపడేది" అంది ఆ పిల్ల. తల్లి మీద నేరం మోపాలని కాదు, ఉన్న సంగతి చెప్పింది.

తల్లి ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. కూతురి జడ విప్పి, వేళ్లతో దువ్వి మళ్లీ అల్లింది. ఆ పిల్ల ఇంకా ఏవేవో చెబుతూనే ఉంది, బడిలో స్నేహితురాలి గురించి, గుడారంలో ఒకసారి చూసిన తేలు గురించి. విశ్వాసమ్మ అన్నీ విన్నది. కన్న బిడ్డ మాట మొదటి నుంచి చివరి దాకా వినడం అదే మొదటిసారి అని ఇప్పటికీ చెబుతుంది.

ఊరికి వచ్చిన మూడో రోజు బడికి పోయి హెడ్‌మాస్టరును కలిసింది. వలసపోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఇద్దరినీ పెట్టుకోమని అడిగింది. కొడుకు చిన్నవాడు, కుదరదన్నారు. వాడు అమ్మమ్మ దగ్గర ఉన్నాడు, ఆరాధన హాస్టల్లో ఉంది. ఆ ఏడాది లారీ ఎక్కినప్పుడు విశ్వాసమ్మ డోన్ దాకా ఏడుస్తూనే ఉందట. అయితే నాలుగు నెలలు బిడ్డలను వదిలి ఉండాల్సి వచ్చాక, వాళ్లతో నాలుగు రోజులు ఊరికే ఉండటం ఆమెకు ఇంకా అవసరమైంది. దసరా ప్రయాణం మానలేదు. ఒకసారి సిద్ధవటం, ఒకసారి హంపి. ఏసేపు నడుము పట్టేసిన ఏడాది ఓర్వకల్లు రాళ్లగుట్టల దాకా పోయి, సాయంత్రానికే తిరిగొచ్చారు. అదీ లెక్కే అంటుంది.

పల్లెలో కొన్నాళ్లు 'టూరు విశ్వాసమ్మ' అని ఎగతాళి చేశారు. ఆమె పట్టించుకోలేదు. పోయిన ఏడాది పక్క వీధి కోడలు, మావాడికి ఇంకా మూడేళ్లే, తీసుకుపోయినా వాడికేం గుర్తుంటుందక్కా అంది. "వానికి లేకుంటే మానె. వాడు ఆ పొద్దు ఎట్ల నవ్వినాడో నీకు ఉంటాది గదా" అంది విశ్వాసమ్మ. ఆ కోడలు మొగుణ్ణి, పిల్లవాణ్ణి తీసుకుని వీళ్లతో పాటే బస్సెక్కింది.

ఇప్పుడు ఆరాధన కర్నూలులో ఇంటర్ రెండో ఏడాది. తల్లికి ఫోన్లో ఊళ్ల పేర్లు చదివి వినిపిస్తూ ఉంటుంది. ఈసారి ఎక్కడికో నిర్ణయించింది విశ్వాసమ్మే. ఇరవై ఏళ్లకు పైగా గుంటూరు పక్క చేలల్లో పనిచేసింది, పట్టుమని రెండు గంటల దూరం కూడా లేని సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు. సూర్యలంకకు పోదామంది. ఏసేపు నాలుగు రోజులు రానని మార్కెట్లో ముందే చెప్పుకున్నాడు. ఎనిమిదో తరగతి యేసుప్రసాద్ ఈత నేర్చుకుంటానని ఊరి బావి చుట్టూ తిరుగుతుంటే తల్లి కేకలేస్తోంది. బస్సు రేపు పొద్దున ఐదింటికి. రొట్టెల పిండి ఈ సాయంత్రమే పట్టించుకు రావాలి.