పెండ్లిపిల్ల రాయి ముందు డప్పు

ఆ ఉదయం ధర్మసాగర్ అవతల, రోడ్డు వెడల్పు పని దగ్గర ముగ్గురం ఉన్నాం: సర్వే చేసే నేను, జేసీబీ డ్రైవరు, ఊరి డప్పు తాత. ఇంకా ట్రైపాడ్ మీద సర్వే మిషన్, ఒక టిప్పరు, ఏనాటివో నిలువురాళ్లు.

పెండ్లికి పోతున్న గుంపు శాపం తగిలి అక్కడ రాళ్లయిందని ఊరి కథ. ముందున్న పొట్టి రాయి పెండ్లిపిల్ల. పెండ్లికొడుకు రాయి ఎప్పుడో విరిగిపోయింది. ఏ ఊరేగింపు అటు పోయినా తాత డప్పు మీద అరచెయ్యి అదిమి చప్పుడు ఆపేసేవాడు. వింటే ఆమె తన పెండ్లే అనుకొని లేస్తుందని, లేచి ఒంటరిదవుతుందని ఆయన భయం. ఆటోలో మోకాలి మీద దరువు వేస్తున్నా, అక్కడికి రాగానే ఆయన వేళ్లు ఆగిపోయేవి.

"ఆ పిల్లనొక్కదాన్నన్న ఇడిచిపెట్టుండ్రి సారూ," అన్నాడు.

"నా చేతుల లేదు తాతా. రోడ్డు ఆమె మీదికెల్లే పోతాంది."

ఆయన ఇంటికి పోయి డప్పు తెచ్చాడు. బతుకంతా వాయించని చోట నిలబడి వాయించడం మొదలుపెట్టాడు.

"లే బిడ్డా! ఇగ పండుకున్నది సాలు. బండొచ్చింది, ఎటన్న ఉరుకు!"

"ఏందే తాతా, రాయి ఉరుకుతదా?" అని డ్రైవరు నవ్వాడు. కాసేపటికి తనే ఇంజను ఆపి కిందికి దిగాడు.

తాత చేతులు పడిపోయేదాకా వాయించాడు. ఆ తర్వాత రాయిని ఒకసారి చూసి, పక్కకు జరిగాడు.

మధ్యాహ్నం, కంకర కొట్టే క్రషర్ దగ్గరి కాంటా మీద ఆ రాయి రెండు వేల మూడు వందల కిలోలు తూగింది.