కుక్కమూతి కోతి పుర్రె

మా సైన్సు అయ్యవారు పోయారని మైదుకూరు నుంచి కార్డు వచ్చింది. అది నాకు చేరేసరికే రెండు రోజులైంది. బస్సెక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన్ను ఎరిగినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో తెలియదు. ఆయన చేతులతో చేసిన వస్తువు ఒక్కటే ఉండేది, అదీ మట్టిపాలైంది. అందులో నా తప్పు ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఆత్మకూరు హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పేవారు, నేను డ్రాయింగు మాస్టర్ని. పిల్లవాడు తప్పు చెబితే కొట్టేవారు కాదు. "చూసి చెప్తాండావా, ఇని చెప్తాండావా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు మేము, పెద్దవాళ్ళం కూడా, జంకేవాళ్ళం.

మద్రాసు ట్రైనింగులో ఉండగా ఒక మ్యూజియంలో బబూన్ పుర్రె చూశారట. అద్దాల పెట్టె తెరిపించుకుని, దారంతో కొలిచి, కొలతలన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు. రెండు వేసవి సెలవులు కూర్చుని మట్టితో అచ్చు చేసి, ఆసుపత్రిలో విరిగిన చేతులకు కట్టే ప్లాస్టరుతో పోశారు.

"కుక్కమూతి కోతప్పా ఇది. ఆఫ్రికాలో ఉంటాది. చెట్లు తక్కువ, రాళ్ళెక్కువ, అచ్చం మన సీమే. పగలంతా నేలమీదే తిరుగుతాది, పొద్దు గూకితే కొండచరియ ఎక్కి పండుకుంటాది. కరువొస్తే చేతుల్తో తవ్వి గడ్డలు తింటాది. పిల్లను ముందు కడుపు కింద మోస్తాది, రోంత పెద్దదైనాక వీపెక్కిచ్చుకుంటాది. కరువులో బతికేది నేర్చిన జీవి. మన పిల్లోళ్ళు చూడాల దీన్ని" అనేవారు.

తెల్లగా ఉంటే ఎముకలా ఉండదన్నది నేనే. టీ డికాక్షను, పసుపు, కాస్త మసి కలిపి పూసి, బడి కిటికీలో ఆరబెట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. తగలెయ్యాలి ఆ పనితనాన్ని.

ఆ ఏడు వానల్లేవు. మా వైపు కోతి చస్తే మనిషికి చేసినట్టే పాడె కట్టి, మేళంతో తీసుకుపోయి పూడుస్తారు. సంతకు పోయేవాళ్ళు కిటికీలో పుర్రె చూశారు. అయ్యవారు కోతిని చంపి తల దాచుకున్నాడని, వాన అందుకే రాలేదని ఊరంతా పాకింది. సాయంత్రానికి పెద్దలు బడికి వచ్చారు.

"ఇది పోసిన బొమ్మ పెద్దప్పా. కోరలు చూడు, మన కోతికి ఇంత కోరలు యాడుంటాయి?" అన్నారు అయ్యవారు.

"సామి కోరలు పెద్దవే ఉంటాయి సారూ" అన్నాడు ఒక ముసలాయన, కోపం లేకుండానే. "బొమ్మే అంటాండావు గదా, పగలగొట్టి చూపిచ్చు. లేదంటే మాకియ్యి, పూడ్చుకుంటాం."

అయ్యవారు నా వైపు చూశారు. రంగు పూసింది నేనేనని చెప్పాల్సింది. ఊరి కోపం నా మీదికి మళ్ళుతుందని భయపడ్డాను, అంతే. ఆయన పుర్రెను రెండు చేతులతో ఎత్తి వాళ్ళకు ఇచ్చేశారు.

"పగలగొడితే రెండేండ్ల పని పోతాది. పూడిస్తే యాడికి పోతాది? మనిద్దరం పోయి తవ్వుకుందాం" అన్నారు అయ్యవారు, వాళ్ళు వెళ్ళాక.

"రేపు చూద్దాం లే సార్" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. మూడోనాడు వాన పడింది. ఊరంతా వీధుల్లోకి వచ్చి తడిసింది. ఆయనొక్కరే బడి వరండాలో నిలబడి చినుకులకు చెయ్యి పట్టి, "ప్లాస్టరప్పా అది, నానిపోతాది" అన్నారు. నాకు తలెత్త బుద్ధి కాలేదు.

వాన పడ్డాక ఇంకేముంది, పుర్రె పూడ్చిన చోట గుడి లేచింది. ఆయన మైదుకూరుకు బదిలీ చేయించుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మొన్న వాళ్ళింట్లో ఆయన భార్య ఆ కొలతల నోటుబుక్కు నా చేతికిచ్చారు. "ఊరికే తీసి చూస్తాండె, మల్లా పెట్టెలో పెడతాండె. మీకే ఇమ్మన్నాడు" అన్నారు. చివరి పేజీలో పెన్సిలుతో ఒక్క ముక్క ఉంది: ఈసారి రంగు వద్దు.

తిరిగివస్తూ ఆత్మకూరులో గుడి దగ్గర ఆగాను. గట్టు మీది రాయికి సిందూరం పూస్తున్న ఒకామె కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టింది. "మొక్కుకో సామీ. వాన తెచ్చిన దేవుడు" అంది.

చూసిన సంగతి ఆ ఊరికి చెప్పడానికి ఇక నేనొక్కణ్ణే మిగిలాను. నోటుబుక్కు నా చంకలో ఉంది. ఆమె వేళ్ళకు సిందూరం ఇంకా తడిగా ఉంది. నేను చెప్పులు విడిచి మొక్కాను.